రానివాళ్ల జాబితా

జూన్ 9, 2025, సోమవారం

ఓపీ ముగిశాక ఎన్‌సీడీ (బీపీ, షుగరు వంటి దీర్ఘకాలిక జబ్బుల) రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ల పేరు, బీపీ, షుగరు, ఇచ్చిన గోలీలు అన్నీ వరసగా ఉన్నాయి. రానివాళ్లు మాత్రం ఏ పేజీలోనూ కనిపించరు. వాళ్లెవరో తెలియాలంటే పోయిన నెల పేర్లను ఈ నెల పేర్లతో ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. రోజూ ఓపీ నడుపుతూ అది అయ్యే పని కాదు. అవే వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తే, గోలీలు అయిపోయినా తిరిగి రానివాళ్ల జాబితా ఊరివారీగా క్షణాల్లో వస్తోంది. బీపీకి నొప్పి ఉండదు, అందుకని మనిషి తనంతట తాను రాడు. పక్షవాతం వచ్చాక మోసుకొస్తారు. మా పీహెచ్‌సీలో కంప్యూటరు చేయాల్సిన మొదటి పని ఈ జాబితా ఇవ్వడమే.

జూన్ 12, గురువారం

ఊరి ఆశా కార్యకర్తతో కలిసి జాబితాలోని ఇళ్లకు వెళ్లాను. ఒక అవ్వ గోలీలు ఆపేసి చాలా రోజులైంది. "తల తిరుగుడు తగ్గింది బిడ్డా, ఇంకెందుకని బంద్ చేసిన" అంది. చూస్తే 178/104. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూసినా పెద్ద తేడా లేదు. తగ్గింది గోలీల వల్లేనని, ఆపితే మళ్లీ పెరుగుతుందని చెప్పి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాను. "నేను రాలేదని నీకెట్ల ఎర్కైంది?" అని అడిగింది. జాబితా ఇల్లు చూపింది గానీ, ఒప్పించింది ఆశానే. "గోలీలు నేనే ఇంటికి తెచ్చిస్త పెద్దమ్మా" అన్నాకే అవ్వ తలూపింది.

జూన్ 17, మంగళవారం

రాత్రి డాక్టరు క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ 1976లో రాసిన వ్యాసం మళ్లీ చదివాను. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో రోగిని చూసే ముందే డాక్టరుకు కంప్యూటరు సూచనలు అందేలా చేశారాయన: ఈ మందుకు ఈ పరీక్ష చేయించాలి, ఈ ఫలితం వస్తే డోసు మార్చాలి అని. సూచన ఉన్నప్పుడు డాక్టర్లు స్పందించింది 51 శాతం సందర్భాల్లో, లేనప్పుడు 22 శాతంలో. వాళ్లకు వైద్యం రాక కాదు. అన్ని వివరాలనూ ఒకేసారి మనసులో పట్టి ఉంచడం మనిషి వల్ల కాదన్నది ఆయన తేల్చిన సంగతి.

ఓపీ రద్దీలో మెట్‌ఫార్మిన్ రాస్తున్నప్పుడు, ఆ మనిషి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల పనితీరు చూపే అంకె) 30 కంటే పడిపోయిందని, మందు ఆపాలని తెరమీద కనబడితే ఒక ప్రమాదం తప్పుతుంది. కానీ ప్రతి చిన్నదానికీ హెచ్చరిక వస్తే చదవకుండానే మూసేస్తాం. ప్రాణం మీదికి వచ్చేవే కనబడాలి.

జూన్ 20, శుక్రవారం

ఒక సబ్‌సెంటరు లెక్కల్లో వరసగా అందరికీ 130/80. ఇంతమంది గుండెలు ఒకే లెక్కన కొట్టుకోవు. అక్కడి నర్సు, ఏఎన్‌ఎమ్మును పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. బీపీ మెషిన్ బ్యాటరీ అయిపోయింది. ఒకే వివరం రిజిస్టరులో, యాప్‌లో, నెలవారీ రిపోర్టులో మూడుసార్లు రాయాలి. సిగ్నలు లేక రాత్రి ఇంటికెళ్లి ఎక్కిస్తోంది. ఆమెను మందలించి లాభమేముంది? కొలవని బీపీ ట్యాబ్‌లోకి ఎక్కితే, ఎక్కువ బీపీ ఉన్న మనిషి బాగున్నవాళ్లలో కలిసిపోతాడు. అతణ్ని ఇక ఏ జాబితా పట్టుకోలేదు. మంచి సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఆమె చేతిలో పనిచేసే మెషిన్, కొలవడానికి తీరిక ఉండాలి.

జూన్ 28, శనివారం

సోమవారం జిల్లా సమీక్ష. "ఎంతమందిని యాప్‌లో చేర్చారు?" అని అడుగుతారు. ఆ అంకెతోపాటు, చికిత్సలో ఉన్నవాళ్లలో ఎంతమంది బీపీ 140/90 కిందికి వచ్చిందో, ఎంతమంది రావడం మానేశారో కూడా చెప్తాను. 2017 నవంబరులో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం కొలిచింది ఈ అదుపునే. తెలంగాణ దాని తొలి రాష్ట్రాల్లో ఒకటి. చేర్చిన పేర్లను మెచ్చుకుంటే పేర్లే పెరుగుతాయి. అదుపు గురించి అడిగితే రానివాళ్ల గడప తొక్కక తప్పదు.

నేను అడగబోయేవి రెండే. ప్రతి సబ్‌సెంటరుకూ బ్యాటరీలతో సహా బీపీ మెషిన్. ట్యాబ్‌లో ఎక్కించినదాన్ని మళ్లీ కాగితం మీద రాయించే పని రద్దు. అలా మిగిలే సమయంలో ఏఎన్‌ఎం వారానికి కొన్ని ఇళ్లకైనా వెళ్లగలదు.