ఫిడేలు గుఱ్ఱము

మా అమ్మాయికి తొమ్మిదవయేట ఫిడేలు చెప్పింపదలచి, దాని చేతికి తగునని సగము సైజు వాద్యమును కొని కోడూరునకు తెచ్చితిమి. రెండు నెలలు గడచినను సరళీవరుసలు సరిగా పలుకలేదు. వ్రేళ్ళ కొనలు కందిపోయెను. ఒక తీగపై కమాను వేసిన రెండు తీగలు మ్రోగుచుండెను. పాఠమనగానే పిల్లకు కన్నీరు వచ్చుచుండెను. పాఠము చెప్పువారు ఈ చేయి సంగీతమునకు పనికిరాదేమోయని సందేహించిరి. మేమును, “నీకు శ్రద్ధ లేదు, ఇంత సొమ్ము వృథా చేసితివి” అని కోపపడితిమి.

ఫిడేలు పరదేశపు వాద్యమైనను మనకు పరాయిది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచెను. 1919లో వెలసిన విజయనగర సంగీత కళాశాలలో ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలు బోధించి, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. అట్టి విద్య మా యింట నిలువదాయెనే యని మా విచారము.

దసరాకు బందరు పోయినప్పుడు, వీణలు బాగుచేయు ఒక వృద్ధునికి ఆ ఫిడేలు చూపితిమి. వీణలకు పేరెన్నికగన్న నూజివీడులో ఆయన పని నేర్చెను. ఆయన కమాను ముట్టలేదు. వ్రేళ్ళపలక చివర సన్నని తీగ క్రింద రూపాయి బిళ్ళలు ఒకదానిపై నొకటి పెట్టి దూర్చి చూచెను. నాలుగు దూరినవి.

“రెండు దూరితే చాలు తల్లీ. పిల్ల వాయించడం లేదు, బరువు మోస్తోంది. ఇది పెద్ద ఫిడేలు గుర్రం. కాళ్లు కాస్త కోసి దీనికి తగిలించారు” అనెను.

గుఱ్ఱమనగా తీగలను మోయు చిన్న కొయ్యపలక. ఫ్రెంచివారును దానిని చిన్న గుఱ్ఱమను అర్థము వచ్చు పేరుతోనే పిలుచుదురు. మేపిల్ అను విదేశపు కొయ్యతో దానిని చేయుదురు. దానికి జిగురు లేదు, మేకు లేదు. తీగల ఒత్తిడిచేతనే నిలుచును. పెద్ద ఫిడేలు గుఱ్ఱము పాదముల వద్ద 41 మిల్లీమీటర్ల వెడల్పు, సగము సైజునకు 35 మిల్లీమీటర్లు. ఈ ఆరు మిల్లీమీటర్లే మా బిడ్డ చిన్నివ్రేళ్ళకు యోజనములైనవి.

ఆయన తగిన గుఱ్ఱమును తీసి పని మొదలిడెను. ముందుగా వాద్యపు పైపలకపై గరుకు కాగితమును పఱచి, గుఱ్ఱపు పాదములను మెల్లగా రుద్ది, పలక వంపునకు సరిపడజేసెను. పాదము క్రింద సందున్న నాదము పలకకు చేరదట. పిమ్మట సన్నని తీగవైపు తక్కువగను, లావు తీగవైపు ఎక్కువగను వంపు గీసి ఆకురాయితో అరగదీసెను. ఆ వంపు చదునైనచో కమాను రెండు తీగలను తాకును. తుదకు సన్నని గాళ్ళు తీసి, వానిలో పెన్సిలు రుద్ది, తీగ సులభముగ జారునట్లు చేసెను. తీగలన్నిటిని ఒక్కసారి వదులు చేయలేదు. అట్లు చేసిన లోపల నిలిచియున్న ఊతకొయ్య పడిపోవునని చెప్పెను.

ఫిడేలు జాతిలోనిదే, నేలపై నిలిపి వాయించు పెద్ద సెల్లో. దానికిని పిల్లల సైజులు కలవు. దాని గుఱ్ఱమునకు కాళ్ళు పొడవు, మోయవలసిన బరువు అధికము. పెద్దదానిని కోసి చిన్నదానికి తగిలించిన అచ్చటను ఇదే గతి.

సోదరీమణులారా, మీ యింట పిల్లలు ఇట్టి వాద్యము నేర్చుచున్నచో అప్పుడప్పుడు గుఱ్ఱమును చూడుడు. శ్రుతి చేయునప్పుడు తీగలు దాని తలను వ్రేళ్ళపలకవైపు లాగును. వాలినచో రెండు చేతుల పట్టుకొని మెల్లగా నిలుపవలెను. ఉపేక్షించిన అది వంగిపోవును. మావంటి సముద్రతీరపు ఊళ్ళలో తేమకు కొయ్య ఉబ్బి, వానకాలమున తీగలు మరల ఎత్తు కావచ్చును. అంతమాత్రమున కూరగాయల కత్తితో దానిని చెక్కబోకుడు. అరగదీసిన కొయ్య తిరిగి రాదు.

ఆ రాత్రి కోడూరు చేరి, దీపము పెట్టినపిదప అమ్మాయి ఫిడేలు తీసెను. మొదటి వరుస స్పష్టముగ పలికెను. అది మా వంక చూచి, “అమ్మా, తప్పు నాది కాదా?” అని యడిగెను. దానిని దగ్గరకు తీసికొని, “కాదమ్మా, మేమే చూడలేదు” అంటిమి. కొయ్యవలెనే, మేమాడిన మాటయు తిరిగి రాదు. ఇంకొక తల్లి అట్టి మాట అనకముందే గుఱ్ఱమును చూచునేని, ఈ నాలుగు పంక్తులు వ్రాసినందుకు మాకు తృప్తి.