పట్టాభిరామ్‌లో పదమూడు ముక్కలు

ఆవడి దాటాక పట్టాభిరామ్‌లో లోకల్ దిగాను. 2024లో తెరిచిన ఇరవై ఒక్క అంతస్తుల టైడల్ పార్కే ఇప్పుడు ఊరికి గుర్తు. నాకు పని పడింది ఓ మేడ మీది గదిలో. రిటైరైనవాళ్లు మధ్యాహ్నాలు చేరే చిన్న క్లబ్బు అది. బోర్డు తమిళం, బల్లల దగ్గర మాటలు సగం తెలుగు.

"కూర్చో నైనా. చూస్తే తప్పులేదు, చెప్తేనే తప్పు" అన్నారు తిరుత్తణి వైపు పెద్దాయన ఒకరు.

ఆట 101 సిండికేటు. డబ్బు లేదు, నోటుబుక్కులో కౌంటు రాస్తారు, ఓడినవాళ్లది టీ ఖర్చు. రెండు పేకలు కలిపి, కోసి, తలా పదమూడు ముక్కలు పంచారు. పెద్దాయన చేతిలో ఆఠీను ఏడు, ఎనిమిది ఉన్నాయి. తొమ్మిది కావాలి. ఆయన మాత్రం కళావరు తొమ్మిది పారేశారు. ఈయనకు తొమ్మిదులతో పనిలేదనుకుని, ముందు చెయ్యివాడు తన వంతు రాగానే ఆఠీను తొమ్మిది వదిలాడు. పెద్దాయన తీరిగ్గా ఎత్తుకున్నారు.

సుప్రీంకోర్టుకు కనిపించిన నేర్పు ఇదే. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. అది ఢిల్లీ దాకా వెళ్లింది. 1967 నవంబర్ 22న జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు రమ్మీని మూడు ముక్కలాట నుంచి విడదీసింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ఇందులో నేర్పుదే పైచేయి అని తేల్చింది. దేశంలో రమ్మీ మీద ఏ వాదన మొదలైనా ఈ తెలుగునాటి కేసు దగ్గరికే వస్తుంది.

ఆట పుట్టిల్లు మాత్రం మనది కాదు. పందొమ్మిదో శతాబ్దపు మెక్సికోలో 40 ముక్కల స్పానిష్ పేకతో ఇద్దరు ఆడిన కాంకియన్‌ను దీనికి పూర్వరూపంగా చెప్తారు. అమెరికా చేరిన ఆ ఆట నియమాలను ఆర్.ఎఫ్. ఫోస్టర్ 1897లో అచ్చువేశాడు. 1909లో న్యూయార్కులో జిన్ రమ్మీ కట్టింది ఎల్వుడ్ బేకర్ అంటారు. జిన్‌లో పది ముక్కలు, జోకరుండదు. మనవాళ్లు పదమూడు పంచి, జోకర్లు కలిపి, జోకరు సాయం లేని సీక్వెన్స్ ఒకటి ఉండి తీరాలని పట్టుబట్టారు. నన్నడిగితే ఆటకు ప్రాణం ఆ పట్టుదలే. ఆ సీక్వెన్స్ లేకపోతే చేతినిండా జోకర్లున్నా షో కొట్టలేరు.

ఫోన్ రమ్మీ సంగతెత్తితే బల్ల చుట్టూ విసుగు. పందెం కట్టే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. తమిళనాడు 2022లో చట్టం తెస్తే, రమ్మీ నేర్పు ఆట గనక నిషేధం దానికి వర్తించదని మద్రాసు హైకోర్టు 2023లో చెప్పింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నేర్పూ అదృష్టమూ అన్న తేడానే చూడకుండా ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధించింది. ఒక్కో పంపకం నిమిషాల్లో ముగిసి, ఎదుటివాడి మొహం కనిపించని చోట, 1967 నాటి నేర్పు ఎంత మిగిలిందన్నది నాకూ అనుమానమే.

పెద్దాయన కౌంటు 96కి చేరింది. ఆడకుండా స్కూటు కొడితే 20 పడి 101 దాటుతుంది, ఔటే. గత్యంతరం లేక ఆడారు, 34 మోసి లేచారు. నా టీ కూడా ఆయన లెక్కలోనే రాయించారు.