ఇరుసు బలము

హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు రహదారి ఊడలమర్రులకు పేరు పొందినది. ఆ దారి విడిచి పొలములలోనికి మరలినచో బాట వేరు. వానకాలమున బండ్లబాటలు బురదగుంటలగును. నీటిక్రింద రాయి యున్నదో లేదో తెలియదు. అట్టిచోట జీపునకు మొదటి దెబ్బ ముందు ఇరుసునకే తగులును.

ఎడ్లబండి ఇరుసు బరువును మాత్రమే మోయును. నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపులో ముందు ఇరుసునకు మూడు పనులు కలవు: బరువు మోయవలెను, చక్రములను త్రిప్పవలెను, స్టీరింగును బట్టి వానిని ప్రక్కకు మరలనీయవలెను. అందుచేత అది బోలు ఉక్కుగొట్టము. చక్రములను త్రిప్పు షాఫ్టులు దాని లోపల నుండును. గొట్టము ఇంచుక వంగినను టైరు ఒకవైపే అరుగును. బండి ఒక ప్రక్కకు లాగును.

తొందరపడువాడు వంగిన గొట్టముమీదనే ఇనుపపట్టీ వెల్డింగు చేయించి, బలపడినదని సంతసించును. నేర్పరియగు మెకానిక్కు అట్లు చేయడు. ఇరుసును విప్పి, కడిగి, వంపును కొలిచి, ముందు దానిని తిన్నగా చేయును. పిమ్మట పట్టీనుంచి, ఈ కొసన కొంత, ఆ కొసన కొంత అతుకుచు, నడుమ నడుమ చల్లారనిచ్చును. ఒకేచోట వేడి పెరిగినచో గొట్టము మరల వంగును. నీరు పోసి చల్లార్చినచో ఉక్కు పెళుసుబారవచ్చును. యజమాని ఎంత త్వరపెట్టినను అతడు చలింపడు. రేపు ఆ ఇరుసును నమ్మి కూర్చుండువారు మనుష్యులు!

పని ముగిసినపిమ్మట నతడొక హెచ్చరిక చేయును: బలపరచిన చోటు విరుగకపోవచ్చును, గుంతలలో బండిని దూకించినచో దాని ప్రక్కనున్న బలహీనమైన చోటు విరుగును.

వంకరను సరిదిద్దక బలపరచినచో బలపడునది వంకరయే. ఇది ఇనుమునకే గాక, మనుష్యుని అలవాట్లకును వర్తించును.