చీలిక దగ్గర

నడుస్తుంటే ఛాతీ మీద బరువు, ఎడమ దవడ లాగడం మొదలయ్యాక కాకినాడలో యాంజియోగ్రామ్ చేయించుకున్నాను. ఎడమ ప్రధాన నాళం రెండుగా చీలే చోటే బ్లాకు. ఒక కొమ్మ గుండె ముందు భాగానికి, రెండోది పక్కగా చుట్టి వెనక్కి పోతుంది. ఈ పక్క కొమ్మని డాక్టర్లు సర్కమ్‌ఫ్లెక్స్ అంటారు. ముందు బైపాస్ అన్నారు. నా ఊపిరితిత్తుల పరీక్షలు చూసి సర్జన్ గారు వద్దన్నారు. ఇక మిగిలింది స్టెంటు.

స్టెంటంటే ఒకటి వేసి పంపేస్తారనుకున్నాను. చీలిక దగ్గర అంత సులువు కాదట. డెల్టా కాలువల మీద ఉద్యోగం చేసినవాణ్ణి కనుక స్టెంటు వేసే డాక్టరు గారు చెప్పింది త్వరగానే పట్టుకున్నాను. పెద్ద కాలువ గట్టు బలపరిస్తే ఆ మట్టి జారి పిల్ల కాలువ మొగ పూడిపోవచ్చు. అలాగే పెద్ద నాళంలో స్టెంటు విచ్చుకుంటే అక్కడి కొవ్వు పక్క కొమ్మ మూతి మీదకి జరగొచ్చు. అందుకే రెండు దారులున్నాయి. ఒకటి, పెద్ద నాళంలోనే స్టెంటు వేసి, పక్క కొమ్మ మూసుకుంటేనే అక్కడ రెండో స్టెంటు వేయడం. రెండో దారి, మొదటే రెండు స్టెంట్లూ అనుకుని, పక్క కొమ్మ స్టెంటు అంచును బెలూన్‌తో అణిచి, దాని మీదుగా పెద్దది వేయడం. పెద్దది వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి రెండు కొమ్మల్లో ఒకేసారి బెలూన్లు ఉబ్బిస్తారు కనుక దీన్ని డీకే (డబుల్ కిస్సింగ్) క్రష్ అంటారు.

“రెండోది నేనూ చేస్తానండి. కానీ నా చేతికి బాగా అలవాటైంది మొదటిది,” అన్నారాయన. ఆ మాటకి ఇప్పటికీ ఆయన మీద గౌరవం ఉంది.

మణికట్టు దగ్గర మాత్రమే మత్తిచ్చారు. బల్ల మీద మెలకువగానే ఉన్నాను. పెద్ద నాళంలో స్టెంటు వేయడానికి బెలూన్ ఉబ్బినంతసేపూ గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. దించగానే తగ్గాలి, తగ్గలేదు. చెమటలు పట్టాయి, వాంతి వచ్చేలా ఉంది. మానిటర్ శబ్దం మారింది. పక్క కొమ్మ మూతి నొక్కుకుపోయిందని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం వినపడింది. ఇప్పుడు స్టెంటు జాలీ కన్నంలోంచి సన్నటి వైరు ఆ కొమ్మలోకి దూర్చాలి. వైరు పోవడం లేదు. “బాబాయ్ గారూ, కదలకండి,” అంటున్నాడు పక్కనున్న కుర్ర డాక్టరు. నేను కదలలేదు. మా ఆవిడ బయట ఒక్కతే కూర్చుని ఉందన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు.

వైరు దూరింది. బెలూన్ వేశారు, చాల్లేదు. రెండో స్టెంటు వేసి, రెండు కొమ్మల్లో ఒకేసారి బెలూన్లు ఉబ్బించాక నొప్పి విడిచింది.

మా అమ్మాయి ఫార్మసిస్టు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు తర్వాత చదివి చెప్పింది. 2017లో ప్రకటించిన డీకేక్రష్-5 ప్రయోగంలో ఇలాంటి ఎడమ ప్రధాన నాళపు చీలికల్లో, ఏడాదికి ఆ చోటే మళ్ళీ ఇబ్బంది వచ్చినవాళ్ళు ఒక స్టెంటుతో మొదలుపెట్టిన వైపు 10.7 శాతం, డీకే క్రష్ వైపు 5 శాతం. 2021లో యూరప్ వాళ్ళ ఈబీసీ మెయిన్ ప్రయోగంలో మరణాలు, గుండెపోట్లు, ఆ చోటే మళ్ళీ చేసిన చికిత్సలు కలిపి ఏడాదికి ఒక స్టెంటు వైపు 14.7 శాతం, రెండు స్టెంట్ల వైపు 17.7 శాతం. ఆ తేడా లెక్కలో నిలిచేది కాదట. అయితే యూరప్‌లో రెండు స్టెంట్లు వేసిన పద్ధతులు చాలావరకు వేరు. అక్కడా ఒకటితో మొదలుపెట్టినవాళ్ళలో ఇంచుమించు 22 శాతం మందికి రెండోది వేయాల్సి వచ్చింది. నేనూ అలాంటివాణ్ణే. ఇది అంత మామూలుగా జరిగేదని, ఆ మధ్యలో మెలకువగా ఇంత నొప్పి పడాల్సి రావచ్చని ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే బల్ల మీద చచ్చిపోతున్నానని అనుకునేవాణ్ణి కాదు.

మొన్నామధ్య మెట్లెక్కుతుంటే మళ్ళీ పట్టేసినట్టయింది. యాంజియోగ్రామ్‌లో పక్క కొమ్మ మూతి కాస్త సన్నగా కనపడింది. చూపుని నమ్మకుండా, ఒత్తిడి కొలిచే వైరు దింపారు. సన్నబడ్డ చోటికి అవతలి ఒత్తిడి, ఇవతలి ఒత్తిడితో పోలిస్తే 0.80 కన్నా పైనే వచ్చింది. రక్తం బాగానే పోతోంది, ఇంకో స్టెంటు అక్కర్లేదన్నారు. మందులు మార్చి ఇంటికి పంపారు.