గీజరు ఎప్పుడు వేద్దాం?

మన ఊళ్లలో రూమ్ హీటర్లున్న ఇళ్లు తక్కువే. చలికాలం కరెంటు ఖర్చంతా గీజరుదే. కార్తీకం రాగానే చాలా ఇళ్లలో ఒకటే చర్చ... ఇప్పుడే వేద్దామా, ఇంకొన్నాళ్లు ఆగుదామా అని!

మా నాన్న ఓటెప్పుడూ ఆగడానికే. డెబ్భై దాటిన మనిషి, బీపీకి మందులు వాడుతున్నారు. 'చన్నీళ్లు ఒంటికి మంచివి' అంటారు కానీ, ఆయన భయమంతా బిల్లు గురించేనని మాకు తెలుసు. చల్లటి నీళ్లు ఒక్కసారిగా ఒంటిమీద పడితే రక్తనాళాలు కుంచించుకుపోయి బీపీ పెరుగుతుందన్నా వినరు. లెక్కలైతే వింటారు. అందుకే లెక్కే చెప్పాను.

మాది 15 లీటర్ల గీజరు, 2 కిలోవాట్లది. అరగంట కాగితే ఒక యూనిట్. 20 డిగ్రీల నీళ్లు 60కి చేరడానికి 20 నిమిషాల పైచిలుకు పడుతుంది. అందులో అన్నే చన్నీళ్లు కలుపుకుంటే ఇద్దరి స్నానాలైపోతాయి. అంటే మనిషికి అర యూనిట్ కూడా కాదు!

బిల్లు పెరిగేదల్లా స్విచ్ కట్టకుండా వదిలేస్తేనే. నీళ్లు కాగాక థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, నిజమే. కానీ అవి చల్లారినప్పుడల్లా మళ్లీ కాస్తుంది. అలా పోగైన యూనిట్లు పై స్లాబులోకి వెళ్తే రేటూ ఎక్కువే.

అందుకే ఇంట్లో ఓ పద్ధతి పెట్టుకున్నాం. స్నానాలన్నీ వెంటవెంటనే. మొదటి వంతు నాన్నది. నీళ్లు కాగగానే స్విచ్ కట్టేయాలి. ఆ డ్యూటీ కూడా ఆయనే అడిగి మరీ తీసుకున్నారు!