షామిల్! ఈ పేరు మీరెప్పుడైనా విన్నారా?

అబ్బబ్బ, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు!

సూఫీ అంటే నాకు తెలిసిందల్లా ఖవ్వాలీ, సాంబ్రాణి పొగ, మన హైదరాబాద్ రాయదుర్గం పక్కనున్న హుస్సేన్ షా వలీ దర్గా. హుస్సేన్ సాగర్ కట్టించిన మహానుభావుడు ఆయన! చెరువు కట్టించిన సూఫీ సరే, పాతికేళ్లు రష్యా జార్ సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టిన సూఫీ కూడా ఉన్నాడని నాకేం తెలుసు?

ఉన్నాడండీ! ఇమామ్ షామిల్. నక్షబందీ సూఫీ మార్గం. కాకసస్‌లోని దాగెస్తాన్, చెచెన్యా కొండలు. 1834 నుంచి 1859 దాకా ఒకటే పోరు!

నన్ను ఆయన దగ్గరికి లాక్కెళ్లిందెవరో తెలుసా? 'త్రీ మస్కటీర్స్' రాసిన అలెగ్జాండర్ డ్యూమా! 1858-59లో కాకసస్ తిరిగొచ్చి ఏకంగా పుస్తకమే రాశాడు. కాపలా ఏమో రష్యన్లది, కుతూహలమేమో కొండమీది ఇమామ్ గురించి!

1832, గిమ్రీ ఊరు. షామిల్ గురువు ఘాజీ ముల్లా నేలకొరిగాడు. చుట్టూ రష్యన్ సైనికుల తుపాకులు. షామిల్ ఆ సైనికుల తలల మీదుగా అమాంతం దూకేశాడట! ఒక బాయ్‌నెట్ ఛాతీలో దిగింది. పొడిచినవాణ్ణి నరికి, దాన్ని లాగి పారేసి, అడవిలోకి మాయం! చదువుతుంటే ఒళ్లు జలదరించింది!

ఆగండి, ఇంకా ఉంది! 1854లో షామిల్ మనుషులు జార్జియాలో ఒక రాకుమారి ఇంటి మీద పడ్డారు. పిల్లలకు చదువు చెప్పే ఫ్రెంచి టీచరమ్మ ద్రాన్సీ కూడా దొరికిపోయింది. ఎనిమిది నెలల చెర! 1855లో బందీలంతా బయటపడ్డారు. బదులుగా 40,000 వెండి రూబుళ్లు, ఆపైన 1839లో రష్యన్లు పట్టుకెళ్లిన షామిల్ కొడుకు! ద్రాన్సీ జ్ఞాపకాలు 1857లో పారిస్‌లో అచ్చయ్యాయి.

అసలు తమాషా ఇప్పుడు! 1854లో ఫ్రాన్స్ క్రిమియాలో రష్యాతో యుద్ధంలో ఉంది. అదే ఏడాది పారిస్ రంగస్థలం మీద 'షామిల్' నాటకం! మరి అల్జీరియాలో? తమతో పోరాడిన సూఫీ అబ్దుల్ ఖాదర్‌ను ఆ ఫ్రెంచివాళ్లే 1847లో లొంగదీసుకున్నారు! పక్కవాడి మీద తిరగబడితే వీరుడు, తమ మీద తిరగబడితే ఖైదీ!

షామిల్ 1859లో గునీబ్ కొండ మీద లొంగిపోయాడు, 1871లో మదీనాలో కన్నుమూశాడు.

మీరూ చూడండి! డ్యూమా ఫ్రెంచి మూలం ఇంటర్నెట్‌లో ఉచితం. ఫ్రెంచి రాదా? లెస్లీ బ్లాంచ్ ఇంగ్లీషులో రాసిన 'ది సేబర్స్ ఆఫ్ ప్యారడైజ్' పట్టండి. మెట్రోలో ధైర్యంగా చదువుకోండి, రాయదుర్గం ఎలాగూ చివరి స్టేషనే, దిగడం మర్చిపోయే భయం లేదు!