మిగిలిన మూట

ఇల్లు మారినవారికి ఒక సంగతి తెలియును. సామానులన్నియు క్రొత్త ఇంట సర్దిన పిమ్మట కూడ ఒక మూట మిగిలిపోవును. అందేమున్నదో ఎవరికిని గుర్తుండదు. విప్పి చూచుటకు ఓపిక యుండదు, పారవేయుటకు మనసొప్పదు. కంప్యూటరునకును ఇట్టి మూట యొకటి గలదు.

ఇల్లెందు నుండి కొత్తగూడెము పోవు దారిలో టేకులపల్లి యున్నది. 2016వ సంవత్సరమున భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడువరకు ఇది ఖమ్మము జిల్లాలోనిది. చుట్టును అడవులు, వాని నడుమ కోయ గూడెములు, లంబాడీ తండాలు. ఆ ప్రాంతపు బడులలో చిరకాలము పనిచేసి విరమించిన ఉపాధ్యాయులొకరు, కోయ వృద్ధులు చెప్పిన చెట్ల పేర్లను, వాని ఉపయోగములను తెలుగు లిపిలో వ్రాసి తమ కంప్యూటరులో భద్రపరచుకొనిరి. చెప్పిన ఆ వృద్ధులలో పలువురు నేడు లేరు.

కొంతకాలమునకు ఆ యంత్రము మందగించెను. సెలవులకు వచ్చిన మనుమరాలు దానిలో విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమును మరల స్థాపించెను. డిస్కును పూర్తిగా తుడిచివేయక స్థాపించినందున పాత సిస్టము ఫైళ్లు, ప్రోగ్రాములు, వ్రాతలు, చిత్రములు అన్నియు ‘విండోస్.ఓల్డ్’ అను ఫోల్డరులోనికి చేరెను. అది ఇరువది గిగాబైట్లకు పైగా చోటును ఆక్రమించియుండుట ఆమె చూచెను.

“తాతయ్యా, ఈ చెత్తను తీసివేయుదునా?” అని యడిగెను.

“తొందరపడకు తల్లీ! ముందు నా వ్రాతలు చూపుము” అనిరి తాతగారు.

ఆమె ఆ ఫోల్డరులోని ‘యూజర్స్’ భాగమును వెదకి, వ్రాతలను క్రొత్త చోటికి తెచ్చెను. తెరచి చూడగా తెలుగు లేదు. అర్థములేని ఆంగ్లాక్షరములు, గుర్తులు మాత్రమే కనబడెను. తాతగారి ముఖము వాడిపోయెను.

దీనికి కారణమిది. యంత్రమునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. పూర్వపు తెలుగు ఫాంట్లు అనేకము, ఆంగ్లాక్షరములకు కేటాయించిన అంకెలకే తెలుగు అక్షరరూపములను తగిలించినవి. ఆ ఫాంటు లేనిచో అవే అంకెలు ఆంగ్లాక్షరములుగా కనబడును. యూనికోడ్ పద్ధతి అట్టిది కాదు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పు నుండియే తెలుగునకు వేరు స్థానములు గలవు. అందు ‘అ’ సంఖ్య 3077. ‘క’ సంఖ్య 3093. యూనికోడ్‌ను అనుసరించు తెలుగు ఫాంటు ఏదైనను 3077ను ‘అ’గానే చూపును. తాతగారు వాడినది పూర్వపు ఫాంటు.

మనుమరాలు కొంతసేపు ఆలోచించెను. ఆ ఫాంటు పాత సిస్టములోనిదే కదా! చెత్తయని తాను తలచిన మూటలోనే, ‘విండోస్’ భాగమునందలి ‘ఫాంట్స్’ అను చోట అది దొరకెను. దానిని క్రొత్త సిస్టములో చేర్చి వ్రాతను మరల తెరచెను. ఇప్ప, తునికి, మద్ది అని వరుసగా చెట్ల పేర్లు తెరపై తెలుగులో నిలిచెను. తాతగారు కండ్లద్దములు తుడుచుకొని మొదటి పుట నుండి చదువసాగిరి.

అంతటితో ఆమె పని ముగియలేదు. ఆ వ్రాతలను మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోనికి మార్చెను. తాతగారు ఒక్కొక్క పదమును సరిచూచి చెప్పుచుండగా తప్పులు దిద్దెను. ఒక ప్రతిని పెన్ డ్రైవులో వేరుగా నుంచెను. ఆ పిమ్మట తాతగారే, “ఇక తీసివేయుము తల్లీ” అనిరి. అట్టి ఫోల్డరును మామూలుగా తుడిచివేయబోయిన యంత్రము తరచు అనుమతి నిరాకరించును. కావున ఆమె ‘డిస్క్ క్లీనప్’ ద్వారా దానిని తొలగించెను.

ఈ మూట ఎల్లకాలము నిలుచునని తలపరాదు. విండోస్ 10, 11లలో పై కూర్పునకు మారినపుడు, అది సాధారణముగా 10 దినములకు తనంతట తానే తొలగిపోవును. కావున తొందరయు పనికిరాదు, ఉపేక్షయు పనికిరాదు. మిగిలినదంతయు చెత్త కాదు. అంతయు దాచదగినదియు కాదు. గడువులోపల మూట విప్పి చూచినవారికే ఏది ఏదియో తెలియును.